రెండో చుక్క

స్ట్రిప్పులు అయిపోయి పదకొండు రోజులు.
ఇండెంటు టెక్కలిలో ఎవరి బల్లమీదో నిద్రపోతోంది.
ఇవాళ కూడా పాత పద్ధతే:
గాజుగొట్టం, స్పిరిటు దీపం, ఊపిరి బిగబట్టడం.

కవిటిలో మూత్రం సీసా ఎవరికీ సిగ్గు కాదు.
తాతలు, మావలు, బస్సు కండక్టరు,
టిఫిను డబ్బా పక్కనే సంచిలో పెట్టుకు వస్తారు.
మా వీధి పిల్లలకి ఎక్కాలకంటే ముందు
క్రియాటినిన్ అనే మాట వచ్చేస్తుంది.

ఢిల్లేశ్వరి మాత్రం కొంగు చాటున తెచ్చింది.
ఏడో నెల వెళ్లి పదిరోజులు.
జీడిపిక్కల నూనెకి కమిలిన వేళ్లు,
ఒక వేలికి ఇరుక్కుపోయిన ఉంగరం.
సబ్బు రాసినా రాదట.
"కడుపుతో ఉన్నోలకి కాళ్లు పొంగవేటక్కా?
నీరొస్తే మగపిల్లడేనని మాయత్త సెప్పినాది"
అని నవ్వింది.
నవ్వుకంటే ముందే ఉబ్బి ఉంది మొహం.

గొట్టంలో ముప్పాతిక వంతు పోసి
పైభాగం మాత్రమే మంటకి చూపించాలి.
కింద చల్లగా ఉండాలి, పోల్చి చూసుకోడానికి.
పని నేర్పిన పైడిరాజు మాస్టారు అనేవారు:
"తొందరపడితే గొట్టం పగులుతాది.
మరీ నిదానిస్తే మనిసి."

ముందు బుడగలు.
తరవాత పైన, ఎక్కణ్నించో,
డిసెంబరు పొద్దున కొబ్బరితోటలో నిలబడే మంచు.

ఇంకా అయిపోలేదు.
ఆమ్లం రెండు చుక్కలు వెయ్యాలి.
ఉత్త లవణమైతే కరిగి తేటపడుతుంది.
ఎన్నిసార్లు అలా తేటపడలేదూ!
ఒకటి.
రెండు.
మంచు కదల్లేదు.
కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు
చిక్కబడి, పలుకులు కట్టింది.

తను గొట్టాన్ని చూడ్డంలేదు, నా మొహం చదువుతోంది.
"మా నాన్నకీ ఇలాగే మొదలైనాది."
వారానికి రెండుసార్లు సోంపేటలో మంచం,
చెయ్యి మీద తాడులా లేచిన నరం,
గ్లాసుతో కొలిచి తాగే నీళ్లు.
"నాకూ వొచ్చీసినాదేటక్కా? సెప్పీ."

ఏం చెప్పను?
తెల్లబట్ట కలిసినా ఈ మబ్బు వస్తుంది, చీము పట్టినా వస్తుంది.
ఈ నేలలో ఏదో ఉందంటారే, ఆ ఏదో అయినా కావచ్చు.
జల్లెడ చిరిగిందని మాత్రం చెబుతుంది.
ఎవరు చింపారో చెప్పదు.

"తలనొప్పి ఉందా?"
"మూడ్రోజులైనాది. ఎండకనుకున్నాను."
"కళ్లముందు ఏమైనా...?"
"మిణుగురులు" అంది, మిట్టమధ్యాహ్నం.

సిస్టరు హైమావతి జబ్బకి పట్టీ చుట్టింది.
నూటయాభై ఎనిమిది మీద నూటెనిమిది.
విప్పి మళ్లీ చుట్టింది. అదే.
ఆవిడ నోరు విప్పలేదు గానీ
ఇద్దరి మధ్యా ఒక పాత మాట వచ్చి నిలబడింది:
గుర్రపువాతం.
అమ్మమ్మల కాలంలో
డెక్కల చప్పుడు పురిటిగదిలోకి వచ్చాకే తెలిసేది.
అప్పటికే కళ్లు పైకి పోయేవి, పళ్లు కరుచుకునేవి.
ఇవాళ నా చేతిలో, ఈ గాజులో,
దాని నోటి నురగ ముందే కనబడింది.

రిజిస్టర్లో ఎర్రసిరాతో మూడు ప్లస్సులు రాశాను.
డాక్టరుగారు చెప్పిన సూది రెండు పిరుదులకీ పడింది.
108 తలుపు మూస్తుంటే తల బయటికి పెట్టి
"రేపు పిక్కలొలవడానికి రానని మేస్త్రికి సెప్పక్కా!"

పాప పుట్టింది, కేజీ నాలుగొందలు.
శ్రీకాకుళంలో గాజుపెట్టెలో ముప్ఫైరోజులు.
అత్తగారి లెక్క తప్పింది, నాది తప్పలేదు.
ఈసారి తప్పినా బాగుండుననుకున్నాను.

మూడునెల్లకి వచ్చింది మళ్లీ.
ఉంగరం వేలిచుట్టూ వదులుగా తిరుగుతోంది.
సీసా అరచేతిలోనే ఉంది, కొంగు పనిలేకుండా.
కాన్పుతో వచ్చిందైతే ఈపాటికి పోవాలి.
పోకపోతే, వాళ్ల నాన్నదే.
ఇది నేను చెప్పలేదు. తనకి తెలుసు.

స్ట్రిప్పులు వచ్చాయి, కొత్త డబ్బా విప్పబోయాను.
"అదొద్దు. దీపం ఎట్టు. నా కళ్లతో సూస్తాను."

బుడగలు.
తరవాత పల్చగా, ఉందా లేదా అన్నట్టు, ఒక పొర.
ఒకటో చుక్క వేశాను.
భుజం మీద పాప తుమ్మింది.
రెండోది ఇంకా
పిప్పెట్టు కొసన వేలాడుతోంది.